అరసవల్లి త్రోవలో

మాఘమాసపు ఆదివారమునాడు అరసవల్లి సూర్యనారాయణస్వామిని దర్శింపవలెనని మా అత్తగారికి చిరకాలముగా కోరిక. విజయనగరమున కాపురముండియు, పట్టుమని రెండు గంటల ప్రయాణమైనను లేని ఆ క్షేత్రమునకు పోవుటకు ఏటికేడు ఏదో యొక యాటంకము వచ్చుచునే యుండెను. ఈ యేడు మా తమ్ముడు ఇంగ్లండునుండి భార్యాసమేతుడై సెలవుమీద వచ్చెను. అతని మనదేశపు లైసెన్సు ఇంకను చెల్లుబాటులోనే యున్నందున తానే కారు నడుపుదునని ముందునకు వచ్చెను. అత్తగారు, మావారు, తమ్ముడు, మరదలు, మేము, వెరసి ఐదుగురము బయలుదేరితిమి.

నాలుగు గంటలకే కదలవలెనని రాత్రి అనుకొంటిమి. కాని పులిహోర తాలింపు, పూలసజ్జ వెదకుట, తలుపుల తాళములు సరిచూచుకొనుట, వీనితో ఐదు దాటినది. గంటస్తంభము కడకు వచ్చునప్పటికి పాలవాండ్ర సైకిళ్లు వీధులలో తిరుగుచుండెను. కోట గోడలు ఇంకను మసక చీకటిలోనే యున్నవి. పైడితల్లి అమ్మవారికి కారులోనుండియే నమస్కరించి, నాతవలస దారి పట్టితిమి.

నాతవలస వద్ద మన ఊరి దారి పోయి జాతీయ రహదారిలో కలియును. చెన్నపట్టణమునుండి కలకత్తా వరకు సాగు ఈ దారిని పెద్దలు నేటికిని ‘ఐదవ నంబరు రోడ్డు’ అనియే పిలుతురు. ఇప్పుడు దాని సంఖ్య 16. అచ్చట టోలుగేటు కలదు. చంపావతి దాటిన పిమ్మట ఇరుప్రక్కల తాటిచెట్లు, సరుగుడు తోటలు, జీడిమామిడి తోపులు మంచులోనుండి ఒక్కొక్కటిగా బయటపడుచుండగా చూచుట కన్నులపండువుగా నుండెను. సముద్రము కంటికి కనబడకున్నను దాని గాలి మాత్రము మొగమునకు తగులుచుండెను.

ఇంత చక్కని దారిలో మా తమ్ముడు కారును ఎనుబది కిలోమీటర్లకు మించనీయక నడుపుచుండెను. ఊళ్లు వచ్చుచోట ఇంకను తగ్గించుచుండెను. ఎడమనుండియు కుడినుండియు బండ్లు మమ్ము దాటి పోవుచున్నవి. ఒక లారీవాడు వెనుకనుండి హారను మ్రోగించి మ్రోగించి విసిగి, ప్రక్కకు తప్పుకొని దూసికొనిపోయెను. మా అత్తగారు చాలసేపు ఓర్చుకొని, తుదకు, “బాబూ, బేగి పోనీ నాయనా! అందరూ మనల్ని దాటిపోతున్నారు. దర్శనానికి వరస పెరిగిపోతుంది” అనిరి.

“అత్తయ్యగారూ, ఇక్కడినుంచి ఇంకా యాభై కిలోమీటర్లున్నాయనుకోండి. ఎనభైలో వెళ్తే ముప్పై ఏడున్నర నిమిషాలు. నూరులో వెళ్తే ముప్పై నిమిషాలు. మిగిలేది ఏడున్నర నిమిషాలు. పొద్దున్న తాళంచెవి వెతకడానికే మనకు పది నిమిషాలు పట్టింది” అని అతడు నవ్వెను.

అత్తగారును నవ్విరి. మేము మాత్రము నవ్వలేకపోతిమి. ఏలయన, ఆ లెక్క అతడు నేర్చుకొన్న చోటు మాకు తెలియును. నేర్చుకొనుటకు కారణము మేమే. ఆ కథ ఇదివరకెవ్వరికిని చెప్పలేదు.

నిరుడు వేసవిలో మేమును మావారును తమ్మునింట నెల దినములుంటిమి. ఒకనాడు షేక్స్పియరు పుట్టిన స్ట్రాట్‌ఫర్డు చూడ బోయితిమి. దుకాణములలో బొమ్మలు, గిన్నెలు బేరమాడుచు ఆలస్యము చేసినది మేము. కారెక్కిన తరువాత, ప్రొద్దుపోయినది, ఇంటికి పోయి వంట చేయవలెనని తమ్ముని తొందరపెట్టినదియు మేమే. దారిలో ఒక చిన్న పల్లె వచ్చెను. అచ్చట వేగము మైళ్లలో కొలుతురు. వీధి దీపములు గల నివాసప్రదేశములలో సాధారణముగా గంటకు 30 మైళ్లు హద్దు. అనగా మన లెక్కకు 48 కిలోమీటర్లు. మా తమ్ముడు 39 మైళ్ల వేగమున పోయెనట. వీధిలో పోలీసు లేడు, ఆపినవాడు లేడు. మేమేమియు ఎరుగము.

పదిదినములకు ఒక ఉత్తరము వచ్చెను. ఫలానా దినమున, ఫలానా నిమిషమున, ఫలానా వీధిలో మీ కారు హద్దు మీరినది; అప్పుడు నడిపిన వారి పేరు వ్రాసి పంపుడు అని దాని సారాంశము. ఆ దేశమున కెమేరా పట్టిన తప్పునకు పదునాలుగు దినములలోపల కారు యజమానికి ఉత్తరము చేరవలెనను నియమము కలదు. నడిపినవారెవరో తెలుపకుండుట అంతకంటె పెద్ద నేరము. హద్దు మీరినందుకు తక్కువలో తక్కువ నూరు పౌనులు జుల్మానా, లైసెన్సుపై మూడు చుక్కలు. మూడేండ్లలో పండ్రెండు చుక్కలైనచో లైసెన్సు కొంతకాలము పోవును. చుక్కలు పడినకొలది కారు బీమా సొమ్మును పెరుగును.

మా మరదలు బెంగపెట్టుకొనెను. ఆ సాయంకాలము తెలిసినవా రొకరు వచ్చి, “దీని కింత ఆలోచన ఎందుకు? మీ బావగారు వచ్చే వారం ఇండియా వెళ్లిపోతున్నారు కదా. ఆయన నడిపారని రాసెయ్యండి. ఆయన్ని ఎవరు వెతుక్కుంటూ వస్తారు?” అని సలహా చెప్పిరి. మనదేశపు లైసెన్సుతో అచ్చట పండ్రెండు నెలలవరకు కారు నడుపవచ్చును గనుక, వినుటకు ఆ మాట నమ్మదగినదిగానే యుండెను. మావారు ఏమియు పలుకలేదు. మాకు మాత్రము, దాచనేల, ఆ యుపాయము మంచిదే యని తోచెను. తమ్మునికి నష్టము రాకూడదు, మనకు పోవునదేమియు లేదు అనుకొంటిమి. ఆ మాట పైకి అంటిమి కూడ.

అప్పుడు మా తమ్ముడు ఒక కథ చెప్పెను. కథ కాదు, జరిగినదే. క్రిస్ హ్యూన్ అను రాజకీయ నాయకుడు 2003వ సంవత్సరమున కారు వేగముగా నడిపి కెమేరాకు చిక్కెను. అతని లైసెన్సు పోకుండుటకై, నడిపినది తానేయని భార్య విక్కీ ప్రైస్ ఒప్పుకొని ఆ చుక్కలు తన లైసెన్సుపై వేయించుకొనెను. ఆమె ఆర్థికశాస్త్రమున పేరు గడించిన విదుషి. పిమ్మట అతడు మంత్రి యయ్యెను. దాంపత్యము చెడిన తరువాత, 2011లో ఆ సంగతి పత్రికల కెక్కెను. 2013 మార్చిలో న్యాయస్థానము ఇరువురకును ఎనిమిదేసి నెలల కారాగారశిక్ష విధించెను. శిక్ష వేగమునకు కాదు. న్యాయమును తప్పుదారి పట్టించినందుకు. భర్త బలవంతముచే ఒప్పుకొంటినని ఆమె మొఱపెట్టుకొన్నను జ్యూరీ అంగీకరింపలేదు. భర్త యొత్తిడిచే చేసితినని భార్య చెప్పుకొనుటకు వీలిచ్చు ఆ పాతకాలపు నియమమునే 2014 నాటి చట్టము తీసివేసినది.

“అక్కా, ముప్పైలో వెళ్లవలసిన చోట ముప్పై తొమ్మిదిలో వెళ్లింది నేను. నా పేరే రాస్తాను” అని, ఆ రాత్రియే కాగితము పూర్తిచేసి పంపెను. తొందరపెట్టిన వారి పేరు వ్రాయుటకు ఆ కాగితములో గడి లేదు. ఉన్నచో అది మా పేరే.

వేగము మరీ మిక్కిలి కానందునను, తొలి తప్పగుటచేతను, చుక్కలకు బదులు సొమ్ము కట్టి ఒక పాఠమునకు కూర్చుండుటకు అతనికి వీలిచ్చిరి. ఆ పాఠమున నేర్పినదానిని ఇంటికి వచ్చి మాకును చెప్పెను. గంటకు 30 మైళ్ల వేగమున పోవు కారు, ఎదుట ఏదైన కనబడినప్పుడు ఆగుటకు 23 మీటర్లు పట్టును. 40 మైళ్లకు 36 మీటర్లు. 70 మైళ్లకు, అనగా మన 112 కిలోమీటర్లకు, 96 మీటర్లు. ఇరువదినాలుగు కార్లను వరుసగా నిలిపినంత పొడవు. ఇది తడిలేని దారిలో, మంచి బ్రేకులున్నప్పటి మాట. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన తరువాత ఆగు దూరము నాలుగు రెట్లగును.

ఇంగ్లండులో ఈ హద్దుల చరిత్ర వింతగా నుండును. 1865 నాటి చట్టము ప్రకారము యంత్రపు బండి పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించి పోరాదు. ముందొక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. 1896లో వాల్టర్ ఆర్నాల్డు అను నతడు 8 మైళ్ల వేగమున పోగా, పోలీసువాడు సైకిలెక్కి వెంటదరిమి పట్టుకొనెను. వేగమునకు వేసిన జుల్మానా ఒక షిల్లింగు. ఇప్పుడు ఫిన్లాండు దేశమున గొప్ప తప్పులకు జుల్మానా రాబడినిబట్టి యుండును. 2023లో ఆ దేశపు ఆలాండు ద్వీపములందు ఒక ధనికుడు, 50 కిలోమీటర్ల హద్దుగల చోట 82 వేగమున పోయి, 1,21,000 యూరోలు చెల్లింపవలసి వచ్చెను. ఫ్రాన్సు దేశపు పెద్దదారులలో పొడివేళ 130 కిలోమీటర్లు, వానవేళ 110. మన ప్రాంతపు బిడ్డలెందరో పరదేశములలో కార్లు నడుపుచున్నారు. వారు మొట్టమొదట తెలిసికొనవలసినది ఆ దేశపు అంకె మైలా, కిలోమీటరా యను సంగతియే.

ఈ తలపోతలో నుండగానే పైడిభీమవరపు కార్ఖానాల దీపములు దాటి రణస్థలము చేరితిమి. ఆ దాపుననే 2012 నవంబరు 2వ తేదీ వేకువజామున మన శ్రీకాకుళపు నాయకుడు ఎఱ్ఱన్నాయుడుగారు రోడ్డు ప్రమాదమున అసువులు బాసిరి. అత్తగారు ఆ సంగతి జ్ఞాపకము చేసికొని చేతులు జోడించిరి. కారులో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు.

కొంతదూరము పోగా, రోడ్డు నడిమి గట్టుమీద ఒక స్త్రీ కనబడెను. నెత్తిమీద తేగల మోపు, చేత ఆరేండ్ల పిల్ల. వారి ఊరొక ప్రక్క, ఆమె అమ్ముకొను చోటు మరియొక ప్రక్క. నడుమ ఈ రహదారి. తమ్ముడు ముందే వేగము తగ్గించియుండెను గనుక మెల్లగా ఆపెను. వెనుక బండ్లు హారన్లు మ్రోగించెను. ఆమె పిల్లను ఈడ్చుకొనుచు దాటి, వెనుదిరిగి మావంక చూచెను. అత్తగారు అద్దము దించి, “ఆ తేగలెంతమ్మా?” అని యడిగిరి. కారును ప్రక్కకు తీసి రెండు కట్టలు కొంటిమి. “బళ్లు ఆగవమ్మా. ఒక్కోనాడు గట్టుమీదే శానాసేపు నిలబడిపోతాం” అని ఆమె చెప్పెను. ఆ దారిలో పోవుచు మేమెన్నడును ఆమెవంటివారిని చూచిన జ్ఞాపకము లేదు. చూచుటకు వీలైన వేగమున ఎన్నడును పోలేదు.

మన చట్టమును తెలిసికొనదగినదే. 2018 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము, నడుమ గట్టుగల నాలుగు వరుసల దారిలో కారునకు గరిష్ఠముగా 100 కిలోమీటర్లు, పట్టణపు వీధులలో 70. స్థలమునుబట్టి అంతకంటె తగ్గించవచ్చును గనుక, బోర్డుమీది అంకెయే ప్రమాణము. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణనుబట్టి, కారుకు వేయి మొదలు రెండువేల రూపాయలు, లారీ బస్సులవంటి వానికి రెండువేలు మొదలు నాలుగువేలు జుల్మానా. ఆ నూట యెనుబది మూడవ సెక్షనులో మరియొక మాట కలదు. నడిపినవాడే కాదు, తన పనివానిచేత గాని తన చెప్పుచేతలలో నున్నవానిచేత గాని అట్లు నడిపించినవారును దోషులే. ఇంగ్లండు కాగితములో లేని గడి, కొంతవరకైనను, మన చట్టములో నున్నది! 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై మరణించినవారు 1,68,491 మంది. అందు నూటికి డెబ్బదియొక్క మరణములకు మితిమీరిన వేగమే కారణమని ప్రభుత్వపు లెక్క.

నాగావళి దాటి శ్రీకాకుళము మీదుగా అరసవల్లి చేరునప్పటికి ఎండ వచ్చినది. కళింగమునేలిన గాంగరాజు దేవేంద్రవర్మ ఏడవ శతాబ్దమున ఈ యాలయము కట్టించెనని చెప్పుదురు. ఏటికి రెండుమారులు, మార్చిలోను అక్టోబరులోను, ఉదయకిరణములు సరిగా స్వామి పాదములను తాకును. ఆనాటి జనము ఎక్కువే. మమ్ము దాటిపోయిన కార్లలో కొన్ని గుడి ముందు చోటులేక తిరుగుచుండెను. గంటన్నరసేపు వరుసలో నిలిచి దర్శనము చేసికొంటిమి. అత్తగారి కన్నులు చెమర్చెను.

మధ్యాహ్నము శ్రీకూర్మము పోయితిమి. విష్ణువు కూర్మరూపమున పూజలందు అరుదైన క్షేత్రమది. శ్వేతపుష్కరిణిలో కాళ్లు కడుగుకొని గుడిలోనికి పోయి, అచ్చట పెంచుచున్న నక్షత్రపు తాబేళ్లను చూచితిమి. ఒకటి ఆకు కొఱకు నడచుచుండగా అత్తగారు చాలసేపు నిలిచి చూచి, “దీనికేమీ తొందరలేదు. అయినా చేరింది” అనిరి.

తిరుగు ప్రయాణమున ఎవ్వరును “బేగి” అనలేదు. చీకటి పడినది. దారిలో ఒకచోట మావారు, “ఆలస్యమైతే ఆలస్యం. అన్నం ఇంటికి వెళ్లాకే వండుకోవచ్చు” అనిరి. ఆ మాట నిరుడు స్ట్రాట్‌ఫర్డులో మేమనవలసినది.

సోదరీమణులారా, కారు నడుపువారు ఎవరైనను, ప్రక్కను వెనుకను కూర్చుండునది తరచుగా మనము. ముహూర్తము మించిపోవుచున్నదనియు, వంటకు వేళయైనదనియు తొందరపెట్టునది కూడ మనమే. రోడ్డుమీది వేగము చాలమారులు మన వంటింటిలోనే పుట్టుచున్నది. మరునాడు మా అత్తగారు తాళముచెవుల గుత్తిని గుమ్మము ప్రక్కనున్న మేకుకు తగిలించి, ఇకమీదట దాని చోటు అదియే యనిరి.