తూకంతో లెక్కపెట్టడం

ఉదయగిరిలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిన కొత్తల్లో మోల్ పాఠం పావుగంటలో ముగించేవాణ్ని. గ్రాముల్లో ఉన్న బరువును పరమాణు భారంతో భాగిస్తే మోల్స్ వస్తాయని బోర్డు మీద రాసి, నాలుగు లెక్కలు చేయించేవాణ్ని. ఒక పరీక్షలో 46 గ్రాముల సోడియం ఇస్తే సగం మంది పిలకాయలు 23తో గుణించి, 1058 మోల్స్ అని రాశారు. జవాబు రెండు. తప్పు నాదే. సూత్రం చెప్పాను గానీ, మనం లెక్కపెడుతున్నది దేన్నో చెప్పలేదు.

ఆత్మకూరుకు బదిలీ అయ్యాక రూపాయి బిళ్లలతో మొదలుపెట్టాను. 2011లో వచ్చిన నమూనా బిళ్ల 3.79 గ్రాములు తూగుతుంది.

“సంచిలో బిళ్లలన్నీ కలిపి 379 గ్రాములు తూగాయి. ఎన్నున్నట్టురా?”

“వంద సార్.”

“లెక్కపెట్టావా?”

“లేదు సార్, భాగించాను.”

“అదే మోల్ లెక్క.”

సంచిలో వేరే బరువున్న బిళ్లలు కలిస్తే లెక్క తప్పుతుంది. అందుకే ముందు ఏ మూలకమో చూడాలి.

మాది మెట్ట. బోరు మోటార్లు కాలడం మామూలే. వైండింగు చేసే ఆయన కొడుకు ఒకరోజు కాలిన రాగి తీగ చుట్ట తెచ్చాడు. ఉప్పుకాగితంతో రుద్ది, తుంచుతూ తూస్తూ, ముల్లును 127 గ్రాముల దగ్గర నిలిపాం. రాగి పరమాణు భారం 63.5. అంటే సరిగ్గా రెండు మోల్స్. మోల్‌కు 6.022 × 10²³ పరమాణువులు.

“మా నాయన కిలోల్లో అమ్ముతాడు సార్, మీరు మోల్స్‌లో కొంటారా?” అన్నాడు వాడు. క్లాసంతా నవ్వింది.

సవరం బంగారం 8 గ్రాములు. 197తో భాగిస్తే 0.04 మోల్. అంతే తూగే అల్యూమినియం అయితే, 27తో భాగించాలి కాబట్టి 0.3 మోల్. బరువు ఒకటే, పరమాణువులు మాత్రం ఏడు రెట్లకు పైనే.

ఒకప్పుడు మోల్‌ను 12 గ్రాముల కార్బన్-12తో నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి నేరుగా సంఖ్యతోనే నిర్వచిస్తున్నారు. మోల్ బరువు కాదు, సంఖ్య.

పిలకాయలకు చివరగా ఒక మాట చెబుతాను: ప్రశ్నలో 32 గ్రాముల ఆక్సిజన్ అని ఉంటే తొందరపడొద్దు. అణువులు అడిగితే ఒక మోల్, పరమాణువులు అడిగితే రెండు. ముందు ఏం లెక్కపెట్టమన్నారో చదవండి, ఆ తర్వాతే భాగించండి.