ఇది ఏ మంత్రి పని?

2003 ఎండాకాలం. కరీంనగర్ జిల్లాలోని మా ఊళ్ళో, నాకు వరుసకు పెద్దమ్మ అయ్యే ఒకామె కాగితాల మూట తెచ్చి నా ముందు విప్పింది. గల్ఫులో ఉన్న కొడుక్కి ఏడు నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుపోయింది.

"బిడ్డా, గిది ఏ మంత్రి పని? నేనెవలి కాళ్ళు మొక్కాలె?"

చదువుకున్నవాణ్ణి గనుక నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం.

ఆ రాత్రి రాజ్యాంగం తెరిచాను. ఏడవ షెడ్యూలు, కేంద్ర జాబితా. 10వ అంశం విదేశీ వ్యవహారాలు, 14వది ఒప్పందాలు, 19వది వలసలు, పాస్‌పోర్టులు, వీసాలు. అన్నీ కేంద్రానివే. విదేశంతో కుదిరిన ఒప్పందాన్ని అమలు చేయడానికి, రాష్ట్రాల పరిధిలోని విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చునంటుంది 253వ అధికరణం. కనుక హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఉత్తరం రాయించగలమే తప్ప అంతకు మించి ఆశించలేము. ఇంతవరకు దారి తిన్నగానే ఉంది.

చిక్కంతా ఢిల్లీ చేరాకనే. ఏ పని ఏ శాఖదో నిర్ణయించేవి 1961 నాటి కార్యకలాపాల కేటాయింపు నిబంధనలు. విదేశాంగ విధానం ఒక్క గదిలో తయారయ్యేది కాదని వాటిని చూస్తే తెలుస్తుంది. వీసాల విధానం హోంశాఖది. సరుకుల ఎగుమతి, దిగుమతుల బేరాలు వాణిజ్యశాఖవి. ప్రపంచబ్యాంకు అప్పులు ఆర్థికశాఖవి. నెహ్రూ 1947 నుంచి 1964 దాకా విదేశాంగశాఖను తన వద్దనే ఉంచుకున్నారు. తరువాత వేరే మంత్రులు వచ్చినా, పెద్ద నిర్ణయాలకు ప్రధాని మాటే చివరిది.

మరి మా పెద్దమ్మ కొడుకు? అతని పాస్‌పోర్టు, అక్కడి మన రాయబార కార్యాలయం విదేశాంగశాఖ కిందివి. అతణ్ణి పంపిన ఏజెంటు లైసెన్సు, 1983 నాటి వలస చట్టం అమలు ఆ రోజుల్లో కార్మికశాఖ కిందివి. ఒకటి సౌత్ బ్లాకు, మరొకటి శ్రమశక్తి భవన్. రెండు చిరునామాలకూ ఉత్తరాలు రాశాను. ఎవరినీ తప్పు పట్టను, ఎవరి హద్దులు వారివి. కానీ ఆ కుర్రవాడి కష్టం మాత్రం అటు సగం, ఇటు సగం.

2004లో ప్రవాస భారతీయుల కోసం ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడి, వలస చట్టం దాని చేతికి వెళ్ళింది. 2016లో ఆ శాఖను విదేశాంగశాఖలో కలిపేశారు. పాస్‌పోర్టు, వలస అనుమతి, రాయబారి ఒకే గొడుగు కిందికి చేరడానికి అంతకాలం పట్టింది! బాధ్యతలు పంచుకోవడం తప్పని నేననను. దేశమంత పనిని ఒక్కరు మోయలేరు. అయితే పంపకం చేసేవారు, గీతకు ఇవతలి నుంచి తలుపు తట్టే మనిషిని కూడా తలచుకోవాలి.

అబ్బాయి పద్నాలుగు నెలల తరువాత ఔట్‌పాస్ మీద ఇల్లు చేరాడు, చేతిలో ఒక్క ప్లాస్టిక్ సంచీతో. కాగితాల మూట తిరిగి ఇవ్వబోతే పెద్దమ్మ తీసుకోలేదు.

"ఉంచు బిడ్డా, ఇంకెవలికన్న అక్కెరకొస్తయి."

ఇంకా నా బీరువాలోనే ఉంది.