ఊరి అంచున పేదరికం

పేదరికం అనగానే నగరం నడిబొడ్డున ఉన్న మురికివాడ మనసులో మెదులుతుంది. కాని లేమి తన నివాసాన్ని మార్చుకుంటోంది. అమెరికాలో 2000 తరువాతి దశాబ్దంలో నగరాలలోని పేదలకంటే శివారులలోని పేదల సంఖ్య అధికమైంది. కొల్లేరు సీమలో ఈ మార్పుకు మరొక ముఖం ఉంది.

1976 తరువాత ప్రభుత్వం కొల్లేటి మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. కాలక్రమాన వాటిలో చాలా చెరువులు పెట్టుబడి గలవారి చేతుల్లోకి వెళ్ళాయి. సంఘ సభ్యులకు కౌలు సొమ్ము, కూలి మిగిలాయి. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించి, 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లను తెగగొట్టారు. సరస్సు బతకాలంటే అది అవసరమే. అయితే పెట్టుబడిదారు మరొకచోట చెరువు తవ్వుకోగలడు. వల లాగే కూలీకి ఆ వెసులుబాటు ఏది?

పని వెతుక్కుంటూ కదిలినవారిలో కొందరికి ఏలూరు దిక్కయింది. పట్టణం నడుమ అద్దెలు భరించలేనివారు శివారులోనే ఆగిపోతారు. అక్కడ అద్దె తక్కువే. కాని పనికీ, ఆసుపత్రికీ, పిల్లల కళాశాలకూ అయ్యే ఆటో ఖర్చు ఆ మిగులును మింగివేస్తుంది. నడిబొడ్డున ఉన్న పేదవాడు నడిచి చేరే చోటికి, శివారు పేదవాడు కూలి డబ్బులో కొంత వదులుకొని చేరాలి.

2005లో ఏలూరు నగరపాలక సంస్థ అయింది. తరువాత శనివారపుపేట, తంగెళ్ళమూడి వంటి గ్రామాలు అందులో విలీనమయ్యాయి. పటంపై గీతను జరపడం సులభం. ఆ గీత దాకా కుళాయి, మురుగు కాలువ, బస్సు చేరడమే కష్టం. నగర ప్రగతిని దాని చివరి వీధిలో కొలవాలి.