కల్ అంటే ఏ రోజు?

లాడ్‌బజార్ గాజుల వ్యాపారులు కొందరికి ఇషా నమాజ్ తర్వాత ఇంగ్లిష్ చెబుతున్నాను. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. నాకూ ఇంగ్లిష్ పెద్దయ్యాక వచ్చిందే. అందుకేనేమో, వాళ్ల షర్మ్ నాకు తెలుసు.

గ్రామర్ కంటే ముందు తారీఖు నేర్పాలి. మన ఉర్దూలో కల్ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. పర్సోం అంటే మొన్న, ఎల్లుండి. మన దక్కనీలో అయితే పదేళ్ల కిందటిదీ పర్సోమే! మాటల్లో క్రియను బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో 'ఐ సెండ్' అని ఊరుకుంటే మాల్ పంపారో, పంపుతారో గాహక్‌కు అర్థం కాదు. పైసలు ఆపేస్తాడు. 5/6 అని రాసినా చిక్కే: మనకది జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాయండి భాయ్ అంటాను.

ఇన్షాఅల్లాహ్ తీసేయాలా అని ఒకాయన అడిగారు. ఎందుకు తీయడం? దాని ముందు తారీఖు ఉంటే చాలు.

క్లాసులో అందరికన్నా పెద్దాయనకు 61 ఏళ్లు. ఆయన మెసేజ్‌లన్నీ ఇంటర్ చదివే మనవడే చదివి వినిపించేవాడు. "బాకీ అడిగేవాళ్ల మాటలు పిల్లవాడి నోట వినాలా సాబ్?" అన్నారు చేరిన రోజు. కారోబార్ పెంచుకోవడానికి ఇంగ్లిష్ అని ఎవరెవరో చెబుతారు గానీ, ఆయన వచ్చింది ఇజ్జత్ కోసం.

మొన్న తొలిసారి సొంతంగా జవాబు రాశారు. నాలుగు లైన్లు, రెండు తప్పులు. తారీఖు మాత్రం సరిగ్గా ఉంది. దిద్దనా అని అడిగాను.

"నక్కో సాబ్, పంపేశాను."