రైలొచ్చింది... మరి ఎక్కేదెప్పుడు?

2023 అక్టోబరు 3... సిద్దిపేటలో తొలి ప్రయాణికుల రైలు కూత వినిపించిన రోజు. మనోహరాబాద్ దగ్గర నిజామాబాద్ మార్గం నుంచి విడిపోయే కొత్త లైను గజ్వేల్, దుద్దెడ మీదుగా 76 కిలోమీటర్లు సాగి ఇక్కడికొస్తుంది. టికెట్టు కొనేవారికి బస్సుకన్నా చవకే. అయినా గాంధీ ఆసుపత్రికి వెళ్లాల్సిన పెద్దాయన బస్టాండుకే నడుస్తాడు. ఎందుకంటారా? బస్సు తప్పితే ఇంకోటి ఉంటుంది. రైలు తప్పితే గంటల తరబడి ఎదురుచూపులే! పైగా బస్సు దిగే జేబీఎస్ దగ్గరే మెట్రో. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆ మార్గంలో జేబీఎస్ తర్వాత రెండో స్టేషనే గాంధీ ఆసుపత్రి. టైంటేబులుతో పనిలేదు, నిమిషాల్లో రైలొస్తుంది. పట్టాలు పడితే చాలదు. ఇంటి నుంచి స్టేషనుకు ఆటో, వెంటవెంటనే రైళ్లు, దిగినచోట మరో బండి... ఈ మూడూ కుదిరిన రోజున పెద్దాయన అడుగులూ రైలు వైపే!