ఆటలో కూలి

దంపుట, విసరుట, రుబ్బుట యను మూడు పనులను మన పెద్దలు ఆడువారి పాలు చేసిరి. మొదటి రెండింటిని మరమిల్లు తీసికొనిపోయినది. మూడవదానిని గ్రైండరు తీసికొన్నది. ఆ గ్రైండరులోని మాట యొకటి నేడు మన పిల్లల యాటలలో దూరి, వేరొక యర్థమున కాపురము చేయుచున్నది. పదిమంది పిల్లలు ఎవరి యింట వారు కూర్చుండి, ఫోనులలోను కంప్యూటరులలోను కలిసి యాడు ఆటలు గలవు గదా! వానిలో చిన్న వస్తువు నొకదానిని సంపాదించుటకు ఒక్కటే పనిని వందసారులు, వేయిసారులు చేయవలసి వచ్చినయెడల పిల్లలు దానిని 'గ్రైండు' అందురు. అన్నమునకు పిలిచినప్పుడు "ఇంకా గ్రైండు అవలేదమ్మా, పది నిమిషాలు" అను సమాధానము సోదరీమణులలో పెక్కుర చెవిని బడియే యుండును. ఆటయని పేరు పెట్టి పిల్లవానిచేత రోకటిపోటు వేయించునది యేమో చూడవలెనని మాకు కుతూహలము గలిగినది.

మేముండునది ముదినేపల్లి. చుట్టును చేపల చెరువులు. కైకలూరు దాటినచో కొల్లేరు. మావారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. వేసవి సెలవులలో మా చిరంజీవియు, వాని స్నేహితులేడుగురును కలిసి మావారి పాత కంప్యూటరునందు మైన్‌క్రాఫ్టు అను ఆటకు సర్వరు నొకదానిని నిలిపిరి. సర్వరనగా ఊరుమ్మడి చెరువు వంటిది; ఎవరు ఏ రేవున దిగినను నీరొక్కటే. ఆ యాట స్వీడను దేశమున పుట్టినది. 2009లో మొదట ప్రజలకు చూపబడి, 2011లో పూర్తియైనది. 2014లో మైక్రోసాఫ్టువారు 250 కోట్ల డాలర్లిచ్చి, దానిని నిర్మించిన మొజాంగు సంస్థతో సహా కొనిరి. లోకమంతయు ఘనములతో చేయబడి యుండును. త్రవ్వవచ్చును, చెట్లు నరకవచ్చును, ఇల్లు కట్టవచ్చును. గెలుపు ఓటములు లేవు. మాకు నచ్చినదియు నదియే.

అయితే కట్టుటలో విసుగు పుట్టినప్పుడు ఆడుకొనుటకని పిల్లలు అందులోనే చిన్న యాటలను కొన్నింటిని పెట్టిరి. ఒకటి దుముకుడు పందెము. గాలిలో వ్రేలాడు రాళ్లమీద దుముకుచు చివరకు చేరవలెను. రెండవది మంచునేల, ఎదుటివాని కాళ్లక్రింది మంచును త్రవ్వి వానిని పడవేయవలెను. మూడవది గాలము వేసి చేపలు పట్టుట. గెలిచినవారికి నాణెములు వచ్చును. వానితో సర్వరులోని దుకాణమున గుఱ్ఱములు, వజ్రములు, ఇంటిస్థలములు కొనవచ్చును.

రెండు వారములు గడచునప్పటికి ఇండ్లు కట్టువారు లేరైరి. మంచునేల పాడుబడినది. ఎనమండుగురును దుముకుడు రాళ్లమీదనే యుండిరి. పగలు దుముకుట, రాత్రి గాలమునకు కంప్యూటరును కాపలా యుంచి నిద్రించుట. అందరి ముఖములలోను మిరపకాయలు తొడిమలు తీయు కూలివారి ముఖములలోని అలసట! "మీకు సంతోషముగా నున్నదా?" యని మేమడిగినచో మా చిరంజీవి, "సంతోషానికి కాదమ్మా, స్థలానికి" అనెను.

పాలలెక్క పుస్తకము వెనుక పుటలో మేము లెక్క వేసితిమి. దుముకుడు పందెమునకు 50 నాణెములు. అలవాటైనవానికి రెండు నిమిషములు పట్టును. గంటకు 1,500. మంచునేలకు నలుగురు కావలెను. ఒక యాటకు పది నిమిషములు. గెలిచినవానికి మాత్రమే 100. నలుగురికి పంచి చూచినచో ఒక్కొక్కరికి గంటకు 150. అనగా ఒకటికి పది! ఒకచోట పూటకూలి పదింతలైనచో రెండవ చేనికి ఎవరు పోవుదురు? పిల్లలకు దుముకుట యందు ప్రీతి లేదు; లెక్క వారిని అటు త్రోసినది.

ఇంతకన్న మమ్ము నొప్పించినది వేరొకటి. ఆ యెనమండుగురిలో నొకతె మా వీధి బాలిక, తొమ్మిదవ తరగతి. తల్లి రొయ్యల షెడ్డునకు పోవును. తల్లి తిరిగి వచ్చినపిమ్మటనే ఆ యింటికి ఫోను వచ్చును. గిన్నెలు కడిగి, పాఠములు చదివి, ఆ పిల్లకు మిగులునది అరగంట. అరగంటకు 750 నాణెములు. ఇంటిస్థలము 12,000, అనగా పదునారు దినములు. అయిదు గంటలాడు పిల్లవానికి రెండు దినములైనను పట్టదు. పోనిండు, పదునారు దినములకైనను దొరకునా యన్నచో, అందరి చేతను నాణెములు పొర్లుచుండుటచే 500 ఉన్న గుఱ్ఱము 4,000 అయినది. స్థలముల వెలయు పెరుగుచునే యున్నది. ఆ పిల్ల ఎంత నడచినను ఊరు అంత దూరము జరుగుచుండెను. నాలుగు దినములు ఆమె రాలేదు. మేమడుగగా, "నేను వచ్చేసరికి అన్నీ అయిపోయుంటాయి అత్తయ్యగారూ" అని నవ్వినది. ఆ నవ్వు ఆడువారమైన మనకు తెలియనిది కాదు.

అష్టాచెమ్మ యాడినవారు ఒక్కసారి జ్ఞప్తి చేసికొనుడు. నాలుగు గవ్వలు వేసినచో పడు తీరులు పదునారు. రెండు వెల్లకిల పడు తీరులు ఆరు. ఒకటి పడునవి నాలుగు. మూడు పడునవి నాలుగు. నాలుగును వెల్లకిల పడు చెమ్మ ఒకే తీరు. నాలుగును బోర్ల పడు అష్ట ఒకే తీరు. గవ్వలన్నియు సమముగా నుండవు గనుక ఇది సుమారు లెక్కయే. అయినను అరుదుగా పడు పందెమునకే పెద్ద ఫలమును, మరల వేయు హక్కును ఇచ్చిన ఆ పేరు తెలియని పెద్దలకు లెక్క బాగుగనే వచ్చునని మా తలంపు. అరణ్యపర్వమున నన్నయగారు చెప్పిన నలోపాఖ్యానములో ఋతుపర్ణుడు రథముమీద నుండియే తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కచెప్పి, నలుని అశ్వహృదయమునకు మారుగా అక్షహృదయ మిచ్చెను గదా! పాచికల మర్మము లెక్కలో నున్నదని ఆనాడే యెఱుగుదురు. సింగరాయపాలెము సుబ్రహ్మణ్య షష్ఠి తిరునాళ్లలో రింగులు వేయించువానికిని అది తెలియును. సబ్బుబిళ్లను దగ్గరగాను, గోడగడియారమును దూరముగాను వాడు ఊరక పెట్టడు.

కాని అష్టాచెమ్మలో ఫలముల తూనికకన్న గొప్పది వంతు. పొయ్యిమీది పాలు చూచుటకు ఒకతె లేచినచో పట్టము ఆమె కొఱకు వేచియుండును. తీరిక గల వదినెగారు ఆ నడుమ నూరు పందెములు వేసికొనుటకు వీలులేదు. సర్వరులోని లోకమునకు ఈ వంతు లేదు. అది ఎవరి కొఱకును ఆగదు. కావున తీరిక గలవానికే కూలి ముట్టును; పని గల పిల్లకు ముట్టదు. మాయముగానున్న ఈ వంతును మరల ఎట్లు తెచ్చుట యన్నదే పిల్లలు చేయవలసిన పనియని మేము చెప్పితిమి.

ఈ చిక్కు మన పిల్లలకే వచ్చినది కాదు. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు అను ఆటను ముందుగా పరీక్షించునప్పుడు, ఎక్కువసేపు ఆడువారికి ఫలము సగమగునట్లు నిర్మాతలు ఏర్పరచిరట. ఆటగాండ్రు మండిపడిరి. అంత నిర్మాతలు సగమును పూర్తియనియు, పూర్తిని రెండింతలనియు పిలిచి, విశ్రాంతి తీసికొని వచ్చినవారికి ఇది బహుమానమనిరి. అంకెలలో మార్పు లేదు, అందరును సంతసించిరి. "అన్నయ్యకు తగ్గించితిమి" అనక "నీకొక గారె యెక్కువ" అని చెప్పు తల్లులకు ఇందు వింత యేమియు లేదు.

గాలము సంగతియు నట్టిదే. మైన్‌క్రాఫ్టులో వట్టి గాలమును నూరుసారులు లాగినచో సగటున 85 చేపలు, 10 చెత్తవస్తువులు, 5 నిధులు పడునట్లు నిర్మాతలే లెక్క పెట్టినారు. మా పిల్లలాడు జావా కూర్పున నిది నిజము. లోకమంతట పిల్లలు ఒక్క గడి గుంట త్రవ్వి, యంత్రము కట్టి, నిద్రపోవుచు నిధులు పట్టుచుండగా, 2020 జూనులో నియమము మార్చిరి: చుట్టును విశాలమైన నీరుండిననే నిధి దొరకును. కొల్లేటిలో 2006లో చెరువుగట్లు తెగగొట్టిన నాటి గోల విన్నవారికి ఈ విశాలజల నియమము నవ్వు పుట్టింపక మానదు.

మా పిల్లలు కొల్లేటినే తలచుకొని మరియొక చిక్కు విప్పిరి. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి తెచ్చు నీటినంతయు కొల్లేటినుండి సముద్రమునకు చేర్చునది ఉప్పుటేరొక్కటే. అది పూడినచో లంకగ్రామములు మునుగును. సర్వరులో నాణెములు వచ్చు కాలువలు మూడు. పోవు కాలువ లేదు. దుకాణమున ఇచ్చిన నాణెములు పోవును గదా యని మేమనగా, స్థలములను గుఱ్ఱములను పిల్లలే యొకరికొకరు అమ్ముకొనుచున్నారనియు, నాణెము చేతులు మారునే కాని తఱుగదనియు మా చిరంజీవి వివరించెను. వెలలు పెరుగుటకు కారణమిది.

ఒక ఆదివారము మా వసారాలో కూర్చుండి నియమములు మార్చిరి. దుముకుడు పందెమున దినమునకు మొదటి మూడు గెలుపులకే 50, పిమ్మట 5. మంచునేలలో గెలిచినవానికి 100, రెండవవానికి 60, తక్కిన యిద్దరికి 30 చొప్పున. దుకాణము దినమునకు ఇరువది చేపలకు మించి కొనదు. మొదటి స్థలమునకు పన్ను లేదు. రెండవదానికి వారమునకు 100. స్థలము వెల 2,000. మరల మేము పాలలెక్క పుస్తకము తీసితిమి. చేపలు గాక అరగంటలో ఆ బాలికకు 260 వచ్చును. అయిదు గంటలవానికి 1,745. పదింతలు ఏడింతలకు లోపైనది. స్థలము ఆమెకు ఎనిమిది దినముల దూరమున నిలిచినది, నిలుచుట ముఖ్యము. సమానము కాలేదేమని మావారిని అడిగితిమి. ఎక్కువ ఆడినవానికి ఎక్కువ రాకున్న వాడు మాత్రమెందులకు ఆడునని వారనిరి. అదియు న్యాయమే. గుఱ్ఱము పది దినములలో 1,200కు దిగినది. మంచునేలపై మరల అరుపులు వినబడుచున్నవి. మాకు మధ్యాహ్నము కునుకు పోయినది.

ఈ నడుమ వేరొక గండము. స్నేహితుని స్నేహితుడుగా చేరిన పొరుగూరి పిల్లవాడొకడు 10,000 నాణెములిచ్చినచో 200 రూపాయలు ఫోనులో పంపెదననెను. మా చిరంజీవి తండ్రి నడిగెను. మొజాంగువారు 2014లోనే, ఆటలో ఒకరికి పైచేయి కలిగించు వస్తువులను సర్వరు నడుపువారు రూపాయలకు అమ్మరాదని కట్టడి చేసియున్నారు. మన రాష్ట్రమున 2020లో ఆన్‌లైను రమ్మీ వంటి డబ్బుటాటలను నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని డబ్బు పెట్టియాడు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టము చేసినది. పిల్లల నాణెములు జూదము కావు. కాని ఒకసారి రూపాయికి నాణెము వెల కట్టినచో, మా వీధి బాలిక అరగంటకు కూలి యెంతయో కూడ తేలిపోవును. ఆ లెక్క వేయుటకు మాకు మనసొప్పలేదు. మా చిరంజీవి వద్దని చెప్పెను. పొరుగూరివాడు అలిగి పోయి, రెండు దినములలో మరల వచ్చెను.

ఆ బాలిక తొమ్మిదవనాడు స్థలము కొన్నది. చెరువుగట్టున నిట్రాడి పాకవంటి దొకటి కట్టి, ముందు గుమ్మడితీగె పెట్టినది. మగపిల్లల కోటలకన్న అది చూడముచ్చటగా నున్నదని మా యభిప్రాయము, పక్షపాతమన్నను సరే.

ఇప్పుడు నడుచుచున్న తగవిది. ఏడు దినములు తప్పక వరుసగా వచ్చినవారికి 500 నాణెములు ఇవ్వవలెనని మగపిల్లలు ముగ్గురు పట్టుబట్టిరి. పెద్ద పెద్ద ఆటలన్నింటిలో అట్లే యున్నదట. బాలిక ఒప్పుకొనలేదు. "మా అమ్మకు రాత్రి షిఫ్టు పడిన వారం ఫోను నా దగ్గర ఉండదు. ఏడు రోజులు రమ్మనండి, వరుసగా అనకండి" అనెను. మేము ఆమె వైపే. మావారు సమాధానము చెప్పక నవ్వుచున్నారు. ఆదివారము నాటికి తేల్చెదనని మా చిరంజీవి ఆ నియమమును వ్రాసి, మీట నొక్కక యుంచినాడు.