ఖరీదైన విస్కీ గుండెకు మందా?



“డాక్టరు గారూ, చౌక మద్యం చేటని మాకూ తెలుసు. అసలైన సింగిల్ మాల్ట్ అయితే గుండెకు మంచిదేనటగా?” ఈ ప్రశ్నను ఈమధ్య తరచుగా వింటున్నాను. అడిగేవారిలో చదువుకున్నవారు, అరవై దాటినవారే ఎక్కువ. అందుకే ఈసారి ఆ విషయమే వ్రాస్తున్నాను.

ఇటీవల అలాంటి విస్కీని నేనూ రుచి చూశాను. నా బాల్యమిత్రుడొకడు అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక వీధిలో ఉంటాడు. అతని కుమారుడు స్కాట్లాండు నుండి ఎడ్రడౌర్ అనే సీసా తెచ్చాడు. పిట్లోక్రీ అనే ఊరి దగ్గర పాత పద్ధతిలో నడిచే చిన్న డిస్టిలరీ అది.

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నానబెట్టి, పులియబెట్టి, రాగి పాత్రలలో రెండుసార్లు బట్టీ పడతారు. అప్పుడు దిగే సారా నీళ్లవలె ఉంటుంది. స్కాట్లాండు చట్టం ప్రకారం దానిని ఓక్ చెక్క పీపాలలో కనీసం మూడేళ్లు నిలవ ఉంచాలి. మేము చూసినది పదేళ్లు నిలవ ఉన్నది. షెర్రీ అంటే స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతంలో తయారయ్యే ఘాటైన ద్రాక్షసారా. అది పీల్చుకున్న చెక్కే ఈ విస్కీకి రంగునూ, వాసననూ ఇస్తుంది.

గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకోగానే కిస్మిస్, ఖర్జూరం, ఎండిన నారింజ తొక్క గుర్తుకు వచ్చాయి. నాలుకపై మొదట మంట, తరువాత పాత బెల్లపు తీపి, చివర దాల్చినచెక్క నమిలినట్టు కాస్త వగరు. చెంచాడు నీళ్లు కలిపితే మంట తగ్గి వాసన ఇంకా విచ్చుకుంది. ఊరడానికి పట్టే కాలాన్ని ఎవరూ తొందరపెట్టలేరని మన ఆవకాయ జాడీకీ తెలుసు. ఆ రుచి నిజం. దానిని నేను కాదనను.

“ఏరా, డాక్టరువి కదా, రోజుకొక పెగ్గు గుండెకు మంచిదేనా?” అని మిత్రుడు అడిగాడు. మధుమేహానికి గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటూ, ఆ నమ్మకంతోనే ప్రతి రాత్రీ ఒక పెగ్గు పుచ్చుకుంటున్నాడట! అతనికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

రుచినిచ్చే పదార్థాలు సీసాలో అతి స్వల్పం. నీటిని మినహాయిస్తే మిగిలినదంతా దాదాపు ఇథైల్ ఆల్కహాలే. 40 శాతం ఆల్కహాలు ఉన్న విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో అది సుమారు 19 గ్రాములు. దానిని వదిలించుకోవడానికి కాలేయానికి రెండు మూడు గంటలు పడుతుంది. సీసా వయస్సు, వెల దానికి తెలియవు. కల్తీ సారాలోని మిథనాల్ ప్రమాదం మంచి విస్కీలో ఉండదు, నిజమే. అంతమాత్రాన అది మందు కాదు.

కొద్దిగా త్రాగేవారి గుండె బాగుంటుందని పాత అధ్యయనాలు కొన్ని చెప్పాయి. అయితే వారితో పోల్చిన “త్రాగనివారి”లో జబ్బుచేసి మానేసినవారు కూడా కలిసి ఉన్నారని తరువాత తేలింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

వయస్సు పైబడినకొద్దీ శరీరంలో నీటి పాలు తగ్గుతుంది. అందువల్ల అదే పెగ్గు రక్తంలో ఎక్కువ మోతాదుగా నిలుస్తుంది. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవారికి రాత్రివేళ చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిద్రమాత్రతో కలిస్తే ఊపిరికే ముప్పు. వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఒక్క పెగ్గుతోనే అది దాటవచ్చు. అమీర్‌పేట నుండి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషను దూరమే. నేను ఆ రాత్రి దానిలోనే వెళ్లాను.

మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. “అయితే ఇన్నాళ్లూ మందనుకుని త్రాగానన్నమాట!” అని సీసా మూత బిగించాడు.

అలవాటు లేనివారు గుండె కోసమని మొదలుపెట్టవద్దు. మాత్రలు వాడేవారు తమ వైద్యునికి మద్యం సంగతి దాచవద్దు. ఏళ్ల తరబడి రోజూ అధికంగా త్రాగుతున్నవారు మాత్రం ఉన్నట్టుండి మానివేయరాదు. వణుకు, మూర్ఛ రావచ్చు కనుక వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. ఎప్పుడైనా రుచి చూసేవారు రుచి కోసమే చూస్తున్నామని ఒప్పుకోండి. దానికి ఆరోగ్యమనే పేరు పెట్టకండి.